తొలి చేప ఎవరికి

బొంబాయి, కామాటిపుర
12 అక్టోబరు 1947

మైసమ్మ అక్కకు,

తమ్ముడు ఓదెలు ఇంత దూరం నుంచే నీ కాళ్లకు మొక్కుతున్నాడు. ఊరు విడిచి ఎనిమిది నెలలైంది. ఇక్కడ మన తెలుగువాళ్లు పగలంతా గోడలు కట్టి, సాయంత్రం ఒక గదిలో బడి పెట్టుకున్నారు. చిన్నప్పుడు నేర్చిన నాలుగు అక్షరాలను అక్కడ మళ్లీ దిద్దుకున్నాను. ఇది నేనే రాశాను, తప్పులు మాత్రం పంతులు సర్దాడు. అందుకే భాష ఇంత శుభ్రంగా ఉంది. ఊరికి నేరుగా రాస్తే ముందు గడిలో దొర మనుషులే చదువుతారని జనగామలో సరోజనక్క ఇంటికి పంపుతున్నాను.

నేను బాగానే ఉన్నాను. రాళ్లు మోస్తాను, సున్నం కలుపుతాను. ఆదివారం మాత్రం మన కులవృత్తి వదల్లేదు. ఇక్కడ సముద్రంలోకి రాతితో కట్టిన పొడుగాటి గట్టు ఒకటి ఉంది. ధక్కా అంటారు. పడవలు దాని పక్కన ఆగుతాయి. దాని మీద ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరైనా గాలం వేయవచ్చు. మొదటి రోజు నేను ఎవరిని అడగాలో తెలియక గంటసేపు నిలబడ్డాను. చేపలు పట్టే కోలీల ముసలమ్మ ఒకామె నవ్వి, "దరియాను అడుగు పో" అంది, అంటే సముద్రాన్ని.

అక్కడ పడేది మన చేపలాంటిది కాదు. మాకుల్ అంటారు. పొలుసు లేదు, ముల్లు లేదు, తలకాయ నుంచే పది చేతులు మొలిచి ఉంటాయి. పొద్దు గూకి ధక్కా మీద దీపాలు వెలిగించగానే ఆ వెలుగుకు వస్తాయి. ఎర అక్కర్లేదు. సీసం ముక్కకు తెల్లగుడ్డ చుట్టి, కింద సూదులు పైకి వంచి కట్టాలి. నీళ్లలో మెల్లగా ఎత్తుతూ దించుతూ ఉంటే, చిన్న చేప అనుకొని వచ్చి కావలించుకుంటుంది. కొర్రమీను గుంజినట్టు గుంజదు. దారం ఊరికే బరువెక్కుతుంది. అప్పుడు దారం వదులు కాకుండా ఒకే తీరుగా లాగాలి. పైకి వస్తూనే నల్లటి సిరా కక్కుతుంది. మొదటిసారి నా అంగీ మీదే కక్కింది. ఆ మరక ఇంకా పోలేదు.

దీపాలు వెలిగించే జమాదారు పేరు అమర్‌సింగ్. పెద్ద మీసాలు, ఖాకీ కోటు. తొలి మాకుల్ ఎప్పుడూ ఆయన చేతిలోనే పెడతాను. మన చెరువులో తొలి చేప గడికి పోయినట్టే అనుకో. ఆయన అడగలేదు, నేను మరవలేదు.

పిల్ల ఎట్లా ఉంది? పేరు ఏం పెట్టారు? ఈ ఉత్తరంలో ఒక పుల్ల పెట్టాను. అభ్రకం రేకులా ఉంటుంది, విరవకు. మాకుల్ ఒంట్లో ఎముక లాంటిది ఏదైనా ఉందంటే అదే. పిల్లకు ఆడుకోవడానికి.

నీ తమ్ముడు,
ఓదెలు


ఎర్రకుంట, పెద్దవంగర దగ్గర
23 నవంబరు 1947

తమ్ముడు ఓదెలుకు,

సంఘం పని మీద ఊరికి వచ్చిన సరోజన, నేను చెప్తుంటే రాస్తోంది. నా మాటలను పుస్తకాల భాషలోకి సర్దుతోంది గానీ, తిట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాయమన్నాను.

ఎముక లేనిది, పొలుసు లేనిది, నల్లనీళ్లు కక్కేది. అది చేప ఎట్లా అవుతుంది? జలగలు, నత్తలు తినే గతి పట్టిందా నీకు? ముదిరాజుల ఇంట పుట్టినవాడు తినే తిండేనా అది? ఆకలైతే ఆకలని రాయి. జనగామ నుంచి బొంబాయికి కూలికి పోయే మనిషి చేత జొన్న పేలాలు, ఎండు పరక చేపలు పంపుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. గడి ఖాళీగా ఉంది. దసరా దాటగానే దొర సామాను బండ్లకెత్తుకొని పట్నం పోయాడు. ఊళ్లో దొరలను ఎదిరించే సంఘం ఏర్పడింది. నల్లచెరువు ఇప్పుడు మనదే. వల వేస్తే పడ్డ చేపంతా గట్టు మీద కుప్ప పోసి ఇంటింటికీ పంచుకుంటున్నాం. వెట్టి లేదు, వాటా లేదు. ఇక్కడ మేము ఇంత చేస్తే, అక్కడ ఎవరూ అడగకుండానే నువ్వు ఒక మీసాలాయనను దొరను చేసి తొలి చేప మొక్కుతున్నావు. సరోజన చదువుతుంటే గట్టు మీద ఆడవాళ్లంతా విన్నారు. లచ్చమ్మ పెద్దమ్మ ఏమందో తెలుసా? "దొర మనల్ని ఇడిశి పోయిండు గాని, పోరడు దొరను మూటగట్టుకొని పోయిండే" అంది. నాకు తలకొట్టేసినట్టయింది.

మరి తొలి చేప ఎవరికి అని ఇక్కడా పంచాయితీ అయింది. సంఘం పెద్దకు అన్నారు కొందరు. నేను లేచి, ఊళ్లో బాలింత ఉన్న ఇంటికి పోవాలన్నాను. ఆడవాళ్లందరూ ఔనన్నారు. బాలింత లేని రోజున అది కూడా కుప్పలోకే.

పిల్ల పేరు గంగి. తొమ్మిది నెలలు నిండాయి. నువ్వు పంపిన పుల్ల విరగకుండానే చేరింది. వెలుగుకు పట్టి చూపిస్తే నవ్వుతుంది.

రెండు పేజీలు రాశావు. సముద్రం గురించి ఉంది, దీపాల గురించి ఉంది, జమాదారు మీసాల గురించి కూడా ఉంది. మీ బావ గురించి ఒక్క మాట లేదు. మీ బావ పోశాలు చనిపోయిన సంగతి జనగామ మనిషి నీకు చెప్పాడని నాకు తెలుసు. చెప్పలేదని మాత్రం అనకు.

అక్క,
మైసమ్మ


బొంబాయి
18 జనవరి 1948

అక్కకు,

ఎండు పరకలు అందాయి. గదిలో ఏడుగురం పంచుకొని తిన్నాం. పొట్లం విప్పగానే అందరికీ వాళ్ల వాళ్ల ఊళ్లు గుర్తొచ్చాయి.

నేను ఆకలితో లేను. మాకుల్ జలగ కాదు. చేపలు కోసే ఇంట పుట్టినదానికి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే, అయినా చెప్తాను. ఒక చేత ఒళ్లు, ఇంకో చేత తల పట్టి మెల్లగా లాగితే పేగులన్నీ తలతోపాటే ఊడి వస్తాయి. సిరా తిత్తి పగలకూడదు. ఒంట్లో చెయ్యి పెడితే నీకు పంపిన పుల్ల తగులుతుంది, దాన్ని పీకేయాలి. పైన ఊదా రంగు పొర ఉంటుంది. గోటితో ఒక అంచు లేపితే మొత్తం వచ్చేస్తుంది. చేతుల నడుమ చిలక ముక్కులాంటి నోరు ఉంటుంది, నొక్కితే బయటికి దూకుతుంది. మిగిలినదాన్ని గాజుల్లా కోసి, ఎల్లిగడ్డ, ఎర్ర కారం, కొంచెం చింతపండు వేసి కాగిన పెనం మీద వేయాలి. తెల్లబడగానే దించాలి. మాటల్లో పడి ఇంకాసేపు ఉంచావా, చెప్పు అట్ట నమిలినట్టే. అప్పుడు ఇక గంటసేపు ఉడికిస్తే తప్ప మళ్లీ మెత్తబడదు. నేను ఎన్నోసార్లు చెప్పు అట్టే తిన్నాను.

అమర్‌సింగ్‌కు ఇవ్వడం మానేశాను. నీ ఉత్తరం వచ్చిన ఆదివారం తొలి మాకుల్ నా గంపలోనే వేసుకున్నాను. ఆయన నా వైపు చూసి, తర్వాతి దీపం వెలిగించడానికి పోయాడు. నేను మాత్రం గదికి వస్తూ పది సార్లు వెనక్కి చూశాను. ఆ వారమంతా ఊరి నుంచి ఏ కబురు వస్తుందోనని భయంతోనే గడిపాను.

ఎందుకో నీకు తెలుసు. నువ్వు రాయించావు కదా, తొలి చేప బాలింతకు అని. ఎవరికి తగలాలని ఆ మాట అన్నావో నాకు అర్థమైంది.

ఆ రోజు వలలో పడ్డ తొలి కొర్రమీను నా మోచేయి అంత ఉంది. గడికి పోవలసింది. నీకు కాన్పయి అయిదో రోజు. ఒంట్లో నెత్తురు లేక గోడ పట్టుకొని లేస్తున్నావు. నేను చేపను తడిగుడ్డలో చుట్టి దొడ్డిదారిన నీ ఇంట్లో పెట్టి, గడికి రెండో చేప పంపాను. మర్నాడు గడికి తెలిసిపోయిందని మీరంతా వెళ్లు వెళ్లు అని నన్ను రైలెక్కించారు. నేను పోయాక నా బదులు బావను పట్టుకుపోయి, వీపు మీద బండ పెట్టి ఎండలో వంచారు. అది జనగామ మనిషి చెప్పాకే తెలిసింది. ఆ బండ నాది. నేను ఆ చేప దాచకపోతే ఆయన బతికేవాడు. నేను బావ పేరు ఏ మొహంతో రాయాలి?

అందుకే తొలి చేప చేతిలో ఉంచుకోలేను. అది బానిస బుద్ధి కావచ్చు. నాకైతే అది భయం.

నన్ను తిట్టాలనుంటే తిట్టు. జవాబు మాత్రం రాయించు.

ఓదెలు


బొంబాయి
11 జులై 1948

అక్కకు,

ఆరు నెలలైంది, నీ నుంచి జవాబు లేదు. నేను రాసింది చదివి నువ్వు ఊరుకున్నావంటే, నోటితో అనలేనిది అలా చెప్తున్నావనే అర్థం. తప్పు పట్టను.

వానలు మొదలయ్యాయి. ధక్కా మీద నిలబడలేం. అలలు మీదికి కొడుతున్నాయి, మాకుల్ కూడా రాదు. ఊరికే పోయి రేకుల పాకలో అమర్‌సింగ్ పక్కన కూర్చుంటున్నాను. నిన్న ఆయన చాయ్ పోసి, నవ్వుతూ ఒక మాట చెప్పాడు. ఆయన మాంసం, చేప ముట్టడట. పుట్టి బుద్ధెరిగాక ముట్టలేదట. "మరి నేనిచ్చినవన్నీ ఏం చేశావు జమాదార్" అంటే, నేను అటు తిరగగానే మెట్లు దిగి నీళ్లలో వదిలేవాడట.

"మొదటి రోజే వద్దని ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"రెండు చేతులతో పట్టుకొని వణుకుతూ ఇచ్చావు బాబూ. వద్దంటే ఏడుస్తావేమో అనుకున్నాను. ఇవ్వడం మానేసిన రోజున, పోనీలే, ఇతనికి భయం తీరింది అనుకున్నాను" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్ని ఆదివారాలు అక్కా. నేను దండం పెట్టి ఇవ్వడం, ఆయన తీసుకోవడం, అవి మళ్లీ నీళ్లలోకి పోవడం. వదిలినదాన్నే మళ్లీ పట్టి ఆయనకే ఇచ్చానేమో కూడా.

మన వైపు రజాకార్లు ఊళ్లు తగలబెడుతున్నారని ఇక్కడి పత్రికల్లో చదువుతున్నారు. నువ్వు కోపంగా ఉంటే ఉండు. బతికి ఉంటే చాలు. ఇక నిన్ను విసిగించను.

ఓదెలు


ఘనపూర్ అవతల తండా
2 డిసెంబరు 1948

తమ్మీ,

నా చేత్తో రాస్తున్నాను. వంకరగా ఉంటే చదువుకో.

ఇల్లు కాలింది. నేను, గంగి బతికే ఉన్నాం. ఫిబ్రవరిలో పారిపోయి ములుగు అడవి దాటి ఇక్కడికి వచ్చాం. సీతాబాయి అనే ఆమె తన గుడిసెలో చోటిచ్చింది. వాళ్ల ఇంట్లో మాట్లాడేది లంబాడీ మాట. మొదట నాకు ముక్క అర్థం కాలేదు, ఇప్పుడు గంగి వాళ్ల మాటే ముందు పలుకుతోంది.

సరోజన జైలుకు పోయింది. నీ రెండు ఉత్తరాలూ వాళ్ల ఇంట్లో పడి ఉండి, మొన్న దీపావళికి ఒక్కసారే చేరాయి. సీతాబాయి పెనిమిటి సక్రు తెలుగు కూడబలుక్కొని చదవగలడు. కానీ తమ్ముడి మాట పరాయి నోట వినడం ఇష్టం లేదు. చదివి పెట్టొద్దు, చదవడం నేర్పు అన్నాను. సరోజన దగ్గర సగం నేర్చిందే.

నీ ఉత్తరాల్లో ఇప్పటికి "అక్కకు" అని, "ఓదెలు" అని, నడుమ "చింతపండు" అని చదవగలిగాను. మిగతాది చదివి జవాబు రాస్తాను. అందాక జర ఓపిక పట్టు.

మైసమ్మ


బొంబాయి
20 డిసెంబరు 1948

అక్కకు,

నువ్వు బతికి ఉన్నావు. నీ చేతిరాత ధక్కా మీద అందరికీ చూపించాను. అమర్‌సింగ్‌కు తెలుగు రాదు, అయినా అద్దాలు పెట్టుకొని చూశాడు.

ఒక్కటి అడుగుతాను. జనవరి ఉత్తరం చదవకు. కాల్చెయ్. నువ్వు ఇన్నాళ్లుగా నన్ను అసహ్యించుకుంటున్నావని అనుకున్నాను. నీకది ఇంకా తెలియనే తెలియదు. తెలియకుండానే ఉండనీ. చింతపండు దాకా చదివావు కదా, అక్కడే ఆగు. ఆ కింద ఉన్నది నీకు అక్కర్లేదు.

ఓదెలు


ఎర్రకుంట
20 మార్చి 1949

తమ్మీ,

చింతపండు దగ్గర ఆగలేదు. ఆగమంటే ఆగేదాన్నయితే నీ అక్కను ఎట్లా అవుతాను? మొత్తం చదవడానికి రెండు నెలలు పట్టింది. రోజుకు మూడు నాలుగు వరుసలు. నువ్వు "ఆ బండ నాది" అని రాసిన వరుస చేరేసరికి సంక్రాంతి దాటింది. ఆ రోజు ఇక చదవలేకపోయాను.

ఊరికి తిరిగి వచ్చాం. కాలిన గోడల మీదే తాటాకు కప్పుకున్నాను. దొర కూడా తిరిగి వచ్చాడు. రజాకార్లను తరిమిన మిలిటరీ వెనకాల వచ్చాడు, నెత్తిన కాంగ్రెస్ తెల్లటోపీ పెట్టుకొని. గడి పక్కనే పోలీసు క్యాంపు. మొన్న చెరువులో వల వేస్తే గట్టు మీదికి గడి జీతగాడు పాపయ్య గంప పట్టుకొని వచ్చాడు. గుర్తుందా పాపయ్య? మన పెంట మీద చేప పొలుసులు చూసి గడిలో చెప్పింది అతనే.

తొలి చేప బొచ్చె పడింది, నాలుగు శేర్లు తూగుతుంది. అందరూ నా మొహం చూశారు. పాపయ్య గంప దించి, "పాత పద్ధతే నడవాలె అన్నడు దొర. నన్ను పరేషాన్ చెయ్యకున్రి" అన్నాడు. అతని గొంతు కూడా వణుకుతోంది. నాకు నువ్వు గుర్తొచ్చావు.

నేను బొచ్చెను రెండు చేతులతో ఎత్తి అతని గంపలో పెట్టాను. "తీస్కపో పాపయ్యా. గడికి గాదు, మీ ఇంటికి. మీ కోడలు కనీ మూడొద్దులే అయింది గదా. తొలి చేప బాలింతది" అన్నాను.

అతను గంప ఎత్తుకున్నాడు. గట్టు దిగాక బాట రెండుగా చీలుతుంది కదా, కుడికి పోతే గడి, ఎడమకు పోతే పాపయ్య ఇల్లున్న వాడకట్టు. మేమంతా పని వదిలి నిలబడి చూశాం. పాపయ్య అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎడమకు తిరిగాడు.

తెల్లారి క్యాంపు వాళ్లు వచ్చి అడిగారు, తొలి చేప ఎవరు ఆపారని. మేమే అన్నాం, గట్టు మీద ఉన్న అందరం. పద్నాలుగు మందిని రోజంతా ఎండలో కూర్చోబెట్టి వదిలారు. గుడిసె కూడా సోదా చేశారు. నువ్వు పంపిన పుల్ల దొరికితే, ఇదేం సామాను అని ఒకడు వెలుగుకు పట్టి చూశాడు. చేప ఎముక అన్నాను. నమ్మలేదు గానీ పారేసి పోయాడు. మళ్లీ వస్తారు. నాకు భయం లేదని రాయను, ఉంది.

ఇక నువ్వు రాసిన దానికి జవాబు. బాలింతకు అని నేను అన్నది నిన్ను పొడవడానికి కాదు. ఈ ఊళ్లో గడిని కాదని తిన్న తొలి చేప అదే కాబట్టి అన్నాను. గొప్పగా అన్నాను. నువ్వు దాన్ని దెప్పిపొడుపు అనుకొని అంత దూరాన కూర్చొని కుమిలావు. నువ్వేమో బావ పేరు ఎత్తలేదని నేను ఇక్కడ ఉడికాను. ఇద్దరం ఇద్దరమే.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. నీ బదులు బావను పట్టుకుపోయారు అని రాశావు. కాదు. నువ్వు తడిగుడ్డలో చుట్టి పెట్టి పోయాక ఆయన ఇంటికి వచ్చాడు. గుడ్డ విప్పి చూసి, "గిది గడికి పోయే చేప" అన్నాడు. నేను భయపడి తిరిగి ఇచ్చెయ్యమన్నాను. ఆయన నవ్వి, "గడి కడుపు ఎన్నడు నిండింది? ఓదెలు నీకోసం తెచ్చిండు, నువ్వు తిను" అని, నన్ను లేవనీయకుండా తనే బూడిద పెట్టి రుద్ది, తనే కోసి, తనే వండాడు. నడుమ ముక్కలు నాకు పెట్టి తలకాయ తను తిన్నాడు. తెల్లారి పాపయ్య పొలుసులు చూసిపోయిన సంగతి తెలియగానే నిన్ను మానుకోట స్టేషన్‌కు తోలించింది ఆయనే. నువ్వు రైలెక్కినట్టు కబురు వచ్చాక, ఎవరూ పిలవకముందే గడికి పోయి, "చేప నేనే పట్టిన, నేనే తిన్న" అని చెప్పాడు. పోయేముందు నాతో, "వానికి గీ ముచ్చట చెప్పకు. చెప్తే మల్లొస్తడు" అన్నాడు. గడిలో దొర ఉన్నన్నాళ్లూ చెప్పకూడదనుకున్నాను. దొర పోయాక సంఘం వచ్చింది, ఆ తర్వాత మంటలు వచ్చాయి. ఇప్పుడు దొర మళ్లీ ఉన్నాడు, అయినా చెప్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు నువ్వు రావాలి.

ఆ బండ నీది కాదు. ఆయన ఎరిగే ఎత్తుకున్నాడు. దాన్ని నీదని నువ్వు లాక్కుంటే ఆయన చేసిన పని ఏమవుతుంది?

వైశాఖంలో నీళ్లు తగ్గాక చెరువు మొత్తం పడతాం. అప్పటికి రా. వలకు మనుషులు తక్కువ ఉన్నారు. నీ జమాదారును కూడా తీసుకురా, ఆయనకు పప్పు వండుతాను. గంగి ఇప్పుడు పరుగులు పెడుతోంది, నువ్వు ఎత్తుకోకపోతే ఊరుకోదు.

ఆ కొర్రమీను పులుసు ఎట్లా ఉందో నీకు ఎవరూ చెప్పలేదు కదా. చాలా బాగుంది తమ్మీ. కుండ అడుగున కూడా ఏమీ మిగల్లేదు.

అక్క,
మైసమ్మ